నెత్తుటిబొట్టు చెప్పు సాక్ష్యము



పెరుగునకు పులుపు గలిగించు ఆమ్లమును 1780లో షీలే యను స్వీడను దేశపు రసాయనవేత్త పులిసిన పాలనుండి వేఱుపఱచెను. లాటిను భాషలో 'లాక్' అనగా పాలు; అందుండియే లాక్టికామ్లమను పేరు గలిగినది. 1843లో జర్మనీదేశీయుడగు షేరర్ అను వైద్యుడు ప్రసూతిజ్వరముచే మరణించిన స్త్రీల రక్తమునందు ఈ యామ్లమునే కనుగొనెను. పాలలోని పులుపు మనుష్యుని నెత్తుట నేల చేరవలయును?

శరీరకణములకు ప్రాణవాయువు చాలనప్పుడు అవి చక్కెరను సగము దారివఱకే విఱిచి శక్తిని సంపాదించుకొనును. అప్పుడు మిగులునది లాక్టేటు. విశ్రాంతివేళ ఆరోగ్యవంతుని రక్తమున నిది లీటరునకు 2 మిల్లీమోలులకు లోపుగా నుండును. సూక్ష్మజీవుల దాడిచే మంచమెక్కిన రోగియందు 4కు మించెనేని అపాయము మిక్కుటము. రక్తపుపోటు సరిగానే కనబడుచుండగా సయితము ఇది పెరిగియుండవచ్చును. దీని ప్రాముఖ్యమంతయు అందే యున్నది.

నెత్తురు సీసాలోనికి దీసిన పిదపను ఎఱ్ఱకణములు చక్కెరను విఱుచుట మానవు. మంచులో నుంచక ఆలస్యముగా ప్రయోగశాలకు బంపినచో, రోగియందు లేని లాక్టేటు సీసాలో బుట్టును. మంచముకడనే చిన్న యంత్రముతో కొద్ది నిమిషములలో పరీక్షించిన నీ దోషము తొలగును.

పొగను జూచి నిప్పు నూహించుట తర్కము చదివినవారికి పరిచితమే. పొగ నిప్పున్నదని చెప్పును గాని కాలుచున్నదేమో చెప్పదు. లాక్టేటును అట్టిదే. మూర్ఛలు వచ్చినను, కాలేయము చెడినను, ఎడ్రినలిన్ మందిచ్చినను ఇది పెరుగును. కావున అంకె నొక్కదానిని జూచి సిరలలోనికి లవణజలమును మితిమీఱ నెక్కించుట తగదు. అది ఊపిరితిత్తులకు చేటు. కొన్ని గంటలకొకమాఱు మరల గొలిచి, తగ్గుచున్నదో లేదో చూడవలెను.

2019లో ప్రకటింపబడిన ఆండ్రోమెడా-షాక్ పరిశోధనమున దక్షిణ అమెరికాలోని 5 దేశములలో 424 మంది రోగులను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు లాక్టేటు మార్గదర్శి. రెండవదానికి వ్రేలికొనను 10 సెకండ్లు నొక్కి విడిచినంతట 3 సెకండ్లలో రంగు మరలునా యను పరీక్ష. 28 దినములలో మొదటి వర్గమున నూటికి 43.4, రెండవదానియందు 34.9 వంతున మరణించిరి. ఈ భేదము యాదృచ్ఛికము కాదని నిశ్చయించుటకు చాలదు. అయినను యంత్రము లేనిచోట వైద్యుడు నిస్సహాయుడు కాడని దీనివలన ధైర్యము గలుగుచున్నది.

మీ యాప్తులు తీవ్రచికిత్సాశాలలో నున్నప్పుడు అంకె యెంతయని మాత్రమే యడుగకుడు. మొదటికంటె తగ్గినదా, కారణము తెలిసినదా యని యడుగుడు.