రేడియోలో కవి కంఠము



తెలుగునాట పద్యము ‘చదువుట’ యనగా రాగము తీసి వినిపించుట. రచ్చబండ యొద్ద భారతము చదివిన పౌరాణికుని, రంగస్థలముపై పద్యమందుకొన్న నటుని, సమస్యను నాలుగవ పాదమున ముడివేసి విప్పిన అవధానిని విన్నవారికి పుస్తకము గుర్తునకే రాదు. ఓనమాలు రాని ముదుసళ్ళకు సైతము పోతన పద్యములు కంఠస్థములై యుండెడివి. అట్టి జాతికి రేడియో వచ్చుట పాత యలవాటునకు క్రొత్త గొంతు దొరకుట వంటిది.

మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమైనది. 1941లో అందు చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు తానే వ్రాసి, తానే స్వరపరచి, తానే పాడగల దిట్ట. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. 1950లో హైదరాబాదు నందలి దక్కను రేడియో ఆకాశవాణిలో కలిసినది. 1957లో దేవులపల్లి కృష్ణశాస్త్రి ప్రయోక్తగా ప్రవేశించెను; దాశరథియు ఆ కొలువు చేసినవాడే. కచేరీలో ఫైళ్ళు నడుపుటకు కవి తగునా యని శంకించినవారు ఉండియుందురు. కాని ఉగాది కవిసమ్మేళనములును, లలితగీతములును ఇంటింటికి చేరుటకు కవులా కుర్చీలలో కూర్చుండుటయే ముఖ్యకారణము.

సమస్యాపూరణ కార్యక్రమము మరియొక మేలు చేసినది. శ్రోతలు కార్డుపై పూరణ వ్రాసి పంపెడివారు; నచ్చినవానిని పేరుతో, ఊరితో సహా చదివెడివారు. ఏ పుస్తకమును అచ్చొత్తించుకొనలేని బడిపంతులు, పోస్టుమాస్టరు తమ పద్యమును రేడియోలో వినినప్పుడు ఊరివారందరి యెదుట కవులైరి. స్థానిక కవికి ఇంతకు మించిన సన్మానము శాలువతో జరుగునా యన్నది సందేహమే!

అయితే మైకు సభవంటిది కాదు. సభలో చప్పట్లు మ్రోగిన పాదమును కవి మరల చదువును. తడబడిన చోట చిరునవ్వు నవ్వి తప్పించుకొనును. స్టూడియోలో అద్దపు గోడ, ఎఱ్ఱదీపము, గడియారము తప్ప ఎదుట ఎవరును ఉండరు. అచ్చట కేకవేసిన కవి తేలిపోవును. ప్రక్కనున్న ఒక్కరితో చెప్పుచున్నట్లు చదివినవాడు నిలుచును. సభలలో ఆరితేరిన వారెందరో మైకు ముందు వెలవెలబోవుట యిందుచేతనే. ఇక కృష్ణశాస్త్రి సంగతి హృదయవిదారకము. రేడియోకై పాటలు వ్రాసిన ఆ కవికి 1963లో వ్యాధి వలన కంఠము మూగవోయినది. పిమ్మట కాగితముపై వ్రాసి చూపియే మాటలాడెను. ఆయన పాట మాత్రము ఇతరుల గొంతులలో వినబడుచునే యుండెను.

భిలాయికి ఈ ముచ్చట ఎట్లు సంబంధించును? 1955లో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన యీ ఉక్కునగరమునకు శ్రీకాకుళము, విజయనగరము మొదలగు ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు తరలివచ్చినవి. వారి పిల్లలు హిందీలోనో, ఇంగ్లీషులోనో చదువుకొనిరి. అమ్మ మాట అర్థమగును, నాన్న హాస్యమునకు నవ్వుదురు. తెలుగు పుట చేతికిచ్చినచో గుణింతముల వద్దనే ఆగిపోవుదురు. అచ్చయిన కవిత్వము వీరికి మూసిన తలుపు. చెవి యొక్కటే తెరచియున్న ద్వారము.

1963లోనే రాయపూరునందును విశాఖపట్టణమునందును ఆకాశవాణి కేంద్రములు నెలకొన్నవి. రాయపూరు పలుకునది ప్రధానముగా హిందీ, ఛత్తీస్‌గఢీ. విశాఖ పలుకు తెలుగు, కాని దూరము. ప్రొద్దు క్రుంకిన పిమ్మట పైవాతావరణ పొరలనుండి పరావర్తనము చెంది మధ్యతరంగములు దూరములు చేరగలవు. పగలు వినబడని కేంద్రము రాత్రి గరగరల నడుమ పలుకుట, ఒక మంచి పద్యపాదము మధ్యలో మరల మాయమగుట నాటి శ్రోతల కనుభవమే.

చెవి ద్వారా ఎంత సాధింపవచ్చునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. భిలాయి సమీపమున గనియారి గ్రామమున జన్మించిన తీజన్‌బాయి బడిచదువు లేకయే, తాత బ్రిజ్‌లాల్ పార్ధీ నోట విని భారతకథను నేర్చెను. స్త్రీలు కూర్చుండియే పాడు కాలమున, చేత తంబూర పట్టి నిలుచుండి పండవానీ పాడెను. ఈ ఉక్కు కర్మాగారమునందే ఉద్యోగము చేసి, 2019లో పద్మవిభూషణ్ పొందెను. బుఱ్ఱకథ యెఱిగిన తెలుగువారికి ఆమె వరుస పరాయిదిగా తోచదు.

నేడు విజయవాడ ప్రసారమును జేబులోని ఫోనులో గరగరలు లేక వినవచ్చును. అది విజయవాడ కంఠము. భిలాయి కవి కంఠమునకు వేరు ఏర్పాటు కావలెను. 2006 విధానము, మూడేండ్లైన సేవ చేసిన స్వచ్ఛంద సంస్థలు సామాజిక రేడియోకు దరఖాస్తు చేయుటకు వీలు కల్పించినది. ఆ పద్ధతిననే 2008లో మెదకు సీమయందలి మాచునూరులో దళిత మహిళలు సంఘం రేడియో నడపసాగిరి. వారి పాట, వారి యాస యథాతథముగా వినబడెను.

అంతటి ప్రయత్నమునకు కాలము పట్టును. అంతవరకు ఆగరాని పని యొకటి కలదు. షిఫ్టు ముగించి వచ్చి పద్యములు వ్రాసికొన్న ఉద్యోగులు పదవీవిరమణ చేసి, క్వార్టరు తాళములు అప్పగించి, స్వగ్రామములకు వెడలిపోవుచుందురు. నోటుపుస్తకము పెట్టెలో వెడలును. గొంతు వారితోనే వెడలును. వీడ్కోలు సభనాడు శాలువ కప్పుటకు ముందే, ఒక నిశ్శబ్దమైన గదిలో వారిని కూర్చుండబెట్టి, తమ పద్యములు తామే చదువగా నిదానముగా ధ్వనిముద్రణ చేయవలెను. ప్రతి పద్యమునకు ముందు ఏ ఊరివారో, ఏ విభాగమున పనిచేసిరో వారి నోటనే చెప్పించవలెను.