తెరుచుకోని కంప్యూటరు – చెరిగిపోని తెలుగు
(చెట్టికరైలో తెలుగు యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)

 

ఈ చెట్టికరైలో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల ఉంది. కంప్యూటరు విద్య ఇక్కడివారికి కొత్త కాదు. అయినా కళాశాల మెట్లెక్కని మన పెద్దలకు కూడా తెలియవలసిన విషయం ఒకటి ఉన్నది కనుక, దానిని సాధ్యమైనంత తేలిక మాటలలో చెప్పదలిచాను. లినక్సుతో నడిచే కంప్యూటరు ఒకనాడు తెరుచుకోకపోతే, అందులోని మన తెలుగు రాతలను ఎట్లా దక్కించుకోవాలన్నదే ఆ విషయం.

తమిళనాడులో 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం మొదలైంది. అట్లా ఇచ్చిన యంత్రాలలో చాలావాటిలో విండోసుతో పాటు, సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు కూడా ఉండేది. ఆ యంత్రాలు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. పిల్లలు చదువు ముగించి వెళ్ళిపోయాక, పెద్దలు వాటిలో పెళ్ళిపాటలు, సామెతలు, ఊరి కథలు ఎక్కించుకున్నారు. తెలుగు బడి అందుబాటులో లేని చోట ఇటువంటి సేకరణే మన గ్రంథాలయం. దానికి రెండవ ప్రతి చాలా ఇళ్ళలో లేదు.

కృష్ణగిరి వైపున విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఏళ్ళ తరబడి సేకరించిన పలుకుబడులు ఇటువంటి యంత్రంలోనే ఉండేవి. అది ఒకనాడు నల్లతెర మీద నాలుగు ఆంగ్లాక్షరాలు చూపి నిలిచిపోయింది. అంగడివారు చూసి, "ఫార్మాట్ చేయాలి, లోపలివి పోతాయి" అన్నారు. ఆయన ఒప్పుకోక నా దగ్గరకు తెచ్చారు. చూస్తే ఆయన రాతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చెడినది వాకిలి మాత్రమే, ఇల్లు కాదు.

ఈ తేడాను మనం గ్రహించాలి. మీట నొక్కిన తరువాత కంప్యూటరు నాలుగు మెట్లు ఎక్కుతుంది. మొదటిది, బయాస్ లేదా యూఈఎఫ్ఐ అనే లోపలి ఏర్పాటు మేలుకొని డిస్కును వెతుకుతుంది. రెండవది, గ్రబ్ అనే చిన్న కార్యక్రమం ఏ వ్యవస్థను తెరవాలో నిర్ణయిస్తుంది. మూడవది, లినక్సుకు గుండెకాయ వంటి కెర్నెల్ పనిలోకి దిగుతుంది. నాలుగవది, డిస్కులోని ఫైళ్ళ అమరిక తెరుచుకొని, పేరు, సంకేతపదం అడిగే తెర వస్తుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే.

విండోసును మళ్ళీ ఎక్కించిన తరువాత లినక్సు కనిపించకపోతే గ్రబ్ దారి తప్పిందన్నమాట. 'గ్రబ్ రెస్క్యూ' అన్న మాట కనిపించినా అంతే. కొత్త మార్పులు దింపుకున్న మరునాడు ఆగితే, గ్రబ్ పట్టికలోని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే తరచుగా తెరుచుకుంటుంది. సంకేతపదం ఇచ్చినా మళ్ళీ అదే తెర వస్తుంటే, డిస్కు నిండిపోయిందేమో మొదట చూడాలి.

ఏ జబ్బయినా మొదటి పని మరమ్మతు కాదు; రాతలను బయటికి తీయడం. వేరొక కంప్యూటరు మీద ఒక పెన్‌డ్రైవులో లైవ్ లినక్సు తయారుచేసుకోవాలి. 8 జీబీది చాలు. దానితో యంత్రాన్ని తెరిచి, 'ఇన్‌స్టాల్' అన్నదాన్ని ముట్టుకోకుండా 'ట్రై' అన్నదాన్ని ఎంచుకోవాలి. పాత డిస్కును చదవడానికి మాత్రమే తెరిచి, ఫైళ్ళను మరొక డిస్కులోకి నకలు చేసుకోవాలి. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే పరీక్షలేవీ పెట్టరాదు. డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో ముందుగా మొత్తం డిస్కుకు ప్రతిబింబం తీసి, ఆ ప్రతిబింబం మీదనే పని చేయాలి.

ఆ తరువాతనే మరమ్మతు. లైవ్ లినక్సు నుండి పాత వ్యవస్థలోకి ప్రవేశించి, గ్రబ్‌ను మళ్ళీ నెలకొల్పి, దాని పట్టికను తాజా చేయాలి. ఫైళ్ళ అమరిక చెడితే ఎఫ్‌ఎస్‌సీకే అనే ఆజ్ఞ ఉంది. అయితే దానిని తెరిచి ఉన్న విభాగం మీద ప్రయోగించరాదు. ప్రయోగిస్తే ఉన్నది కూడా చెడుతుంది.

ఇక తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. మరమ్మతు వేళ వచ్చే నల్లటి అక్షరాల తెర మీద తెలుగు కనిపించదు. ఆ తెర 512కు మించిన అక్షరరూపాలను పట్టదు. గుణింతాలను, వత్తులను కూర్చే శక్తి దానికి లేదు. కాబట్టి మన ఫైళ్ళ పేర్లు పెట్టెలుగానో, ప్రశ్నార్థకాలుగానో కనిపిస్తాయి. వాటిని చూసి ఫైళ్ళు పాడైపోయాయని భ్రమపడి చెరిపివేసేవారున్నారు. అక్షరం చెడలేదు, చూపే అద్దమే చాలలేదు. లైవ్ లినక్సులోని మామూలు తెర మీద తెలుగు ఖతి ఉంటే అవే పేర్లు చక్కగా కనిపిస్తాయి.

మరొకటి. యూనికోడులో 'తెలుగు' అన్న మాటకు ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటికి మూడు చొప్పున 18 బైట్లు. లినక్సులో సాధారణంగా ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. అంటే మనకు దక్కేవి 85 సంకేతాలే. కనుక పేరు పొట్టిగా పెట్టండి. పాట పేరు, పాడినవారి ఊరు, తేదీ ఫైలు లోపల మొదటి వరుసలోనే రాయండి. చెరిగిన ఫైళ్ళను ఫోటోరెక్ వంటి పనిముట్లతో వెలికితీసినప్పుడు పాత పేర్లు రావు, అంకెలే వస్తాయి. అప్పుడు ఆ మొదటి వరుసే దానికి గుర్తింపు.

చివరగా నా కోరిక ఇది. ఇక్కడున్న ఇంజనీరింగు విద్యార్థులు ఊరికొక లైవ్ పెన్‌డ్రైవు తయారుచేసి ఉంచాలి. ఇప్పుడు చెప్పిన మెట్లను ఒక్క పుటలో తెలుగులో అచ్చువేసి దానితో జతపరచాలి. యంత్రం నిలిచిపోయినప్పుడు ఆ యంత్రంలోని సూచనలు చదవలేము కదా, కాగితమే దిక్కు. ప్రతి సేకరణకు మూడు ప్రతులు ఉండాలి. అందులో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. మన అవ్వలు పాడిన పాటను మరొకసారి పాడించుకోవడానికి ఆ అవ్వలు మనకు ఎల్లకాలం ఉండరు. ఫార్మాట్ అన్న మాట ఎవరైనా అంటే, ముందు రాతలు బయటికి తీయండని నిలబడి అడగండి.