కోళ్ల షెడ్డులో ఎవరున్నారు?

(తాడేపల్లిగూడెంలో మహిళా కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు, మనకు దగ్గరలోని ఉంగుటూరు మండలం బాదంపూడి కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉందని తేలింది. ఫారం చుట్టూ ఒక కిలోమీటరును వ్యాధి ప్రాంతంగా, పది కిలోమీటర్లను నిఘా ప్రాంతంగా ప్రకటించారు. అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘కోడికూర తినవచ్చా?’ అమ్మకాలు పడిపోయాయి. భయం పోగొట్టడానికి మేళాలు పెట్టి కోడికూర ఉచితంగా పంచారు.

70 డిగ్రీల వేడిలో బాగా ఉడికితే ఈ వైరస్ చస్తుంది. అసలు ప్రమాదం జబ్బుకోడిని పట్టుకునేవారికి, రెట్ట ఎత్తేవారికి, చచ్చిన కోళ్లను మోసేవారికి. ఇది మనుషులకు సోకడం అరుదు, సోకితే ప్రాణాంతకం. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. మన రాష్ట్రంలోనే 2025 మార్చిలో పల్నాడు జిల్లా పసిపాప ఒకరు ఈ వ్యాధితో మరణించారు. ఆ పాప పచ్చిమాంసం తిన్నట్టు తెలిసింది.

కొల్లేరుకు వచ్చే వలస పక్షులే దీన్ని తెచ్చాయన్నారు. నీటిపక్షుల్లో ఈ వైరస్ ఉండేమాట నిజమే. కాని అది గుడ్ల అట్టల మీద, లారీ చక్రాలకు, చెప్పులకు అంటుకుని కూడా ఫారం నుంచి ఫారానికి పోతుంది. నెపం పక్షుల మీదికి నెడితే ఫారం యజమాని బాధ్యత మరుగున పడుతుంది.

ఈ చర్చలో షెడ్డు ఊడ్చే మనిషి, గుడ్లు ఏరే మనిషి ఎక్కడ? ఆ పనుల్లో ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. చంపిన కోళ్లకు పరిహారం వాటి యజమానికి వస్తుంది. షెడ్డు మూతపడిన రోజుల కూలి ఏ లెక్కలోనూ లేదు. భార్యాభర్తలిద్దరూ పనిచేసి, జీతం భర్త పేరున రాసే చోట ఆమె కూలీగానే కనబడదు. పేరే లేని మనిషికి వైద్య పరీక్ష ఎవరు చేయిస్తారు?

అందుకే మనం మూడు అడుగుదాం. హాజరు పుస్తకంలో స్త్రీల పేర్లు విడిగా రాయాలి. మాస్కు, చేతి తొడుగులు, బూట్లు యజమాని ఇవ్వాలి; వ్యాధి వస్తే కూలీలందరినీ పది రోజులు డాక్టర్లు గమనించాలి. మూసిన రోజులకు కూలి కట్టివ్వాలి.

మళ్లీ చలికాలం రాకముందే ఈ కోరికలు ఏలూరు, భీమవరం కలెక్టర్లకు అందజేద్దాం.