అడవి ఈగలు: వాని తెగలు, తావులు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భోజనములకు ముందు ఈగలను గూర్చి ప్రసంగమేమని మీలో కొందరు నవ్వుకొనుచున్నారు. కార్యదర్శిగారును నవ్విరి. అయినను వినుడు.

నా చిన్నతనమున మా ఊరిలో మా ఎద్దు మెడపై కాడి ఒరసి పుండైనది. మా నాయనమ్మ చూచి, "పచ్చీగ వాలిందిరా, పురుగు పడుతుంది" అని సీతాఫలపుటాకు నూరి పెట్టినది. నాటినుండి పచ్చగా మెరయు ఈగలన్నియు ఒక్కటే యనుకొంటిని. అది పొరపాటని తరువాత తెలిసినది.

ఈ మెరుపుటీగల కుటుంబమునకు కాలిఫోరిడే అని పేరు. ప్రపంచమున వేయికి పైగా జాతులు కలవు. మన దేశపు జాతులను సీనియర్-వైట్, ఆబర్టిన్, స్మార్ట్ అను మువ్వురు వర్ణించిన గ్రంథము 1940లో వెలువడినది. రొమ్ము ప్రక్కన వరుసగా నిలిచిన ముళ్ళవంటి రోమములు వీనికి గురుతు. ఇంటి ఈగకు అవి యుండవు. రెక్క మొదటి ఈనెపై సన్నని వెంట్రుకలున్న క్రైసోమియా తెగ. అవి లేనిది లూసిలియా తెగ. చెదలతోను చీమలతోను సంబంధముగల రైనియా తెగను ఇటీవల పలువురు శాస్త్రజ్ఞులు వేరు కుటుంబముగా ఎంచుచున్నారు. అడవిలో చెదపుట్ట కనబడినచో దానిచుట్టు ఎగురు ఈగలనుగూడ చూడుడు.

ఇక తావులు. అడవిలో జంతువు చచ్చిన కొలది నిముషములలోనే ఈగలు చేరును. పెద్ద యెర్రకన్నుల మెగసెఫాలా అనునది అడవికిని అంగడికిని చెందినది. చేపల అంగడిలో మనము చూచునది తరచు ఇదియే. మామిడి పూతకు పరాగము మోయుటలో దీనికి మంచి పాలు కలదు. రూఫిఫాసియెస్ అను మరియొక జాతి పురుగు వెంట్రుకలుగల దొంగ! కళేబరముతో పాటు తోటి పురుగులనుగూడ తినును. ఈ రెండును అడవిని శుభ్రపరచునవి.

మూడవది బెజ్జియానా. దీని మాట వేరు. ఇది చచ్చినదానిని ముట్టదు. బ్రతికియున్న ప్రాణి పుండు అంచున నూరు, రెండు నూరుల గ్రుడ్లు పెట్టును. ఒక్క దినములో పొదిగిన పురుగులు దాదాపు వారము దినములు సజీవ మాంసము తొలిచి తిని, నేలకు రాలి మట్టిలో గూడు కట్టును. మన దేశమున పశువులకును మనుష్యులకును ఈ బాధ కలిగించునది ఇదియేయని పాటన్ అను వైద్యుడు 1920లో వ్రాసెను. నాయనమ్మ భయపడినది దీనికే; తక్కిన పచ్చ ఈగలను ఆమె ఊరకే తిట్టినది.

మన భిలాయి సెక్టారులలో ఆవులు వీధివీధి తిరుగును. దల్లీ రాజహరా గనుల అడవి అంచున మేయు పశువులకు ముల్లు గీరినను చాలును. పుండుపై ఈగ కనబడినచో దినము గడువనీయక పశువైద్యునికి చూపింపుడు. పురుగు లోతునకు పోయిన పిమ్మట ఆకుపసరు అందదు. ఇంట మంచము పట్టిన వృద్ధులకు పుండున్నచో కట్టు కట్టి, దోమతెర దించి యుంచుడు.

ఒక సీసాలో మూడు జాతులను తెచ్చితిని, భూతద్దము కూడ కలదు. పిల్లలు ముందు రావచ్చును. భోజనము చేయువారు తరువాత చూచుట మంచిది.