మారని మట్టం
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను నీటిపారుదల శాఖలో ముప్పైమూడేళ్ళు గేజి రిజిస్టర్లు రాసినవాణ్ణి. వైరస్‌ల గురించి నేను మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం మా మనవరాలు. గణితంలో ఎమ్మెస్సీ చేసి, రోగనిరోధక శక్తి మీద పరిశోధనకు వెళతానంది. శరీరాన్ని ముక్కలుగా కాక మొత్తం ఒక వ్యవస్థగా లెక్కగట్టే ఆ చదువును సిస్టమ్స్ బయాలజీ అంటారట. "సూది పట్టనివాళ్ళకు అక్కడేం పని?" అని కోప్పడ్డాను. రెండు నెలలు తను ఆ ఊసెత్తలేదు. మనసు మార్చుకుందనుకున్నాను.

ఒకనాడు తనే వచ్చి, "తాతయ్యా, చెరువు మట్టం నెలల తరబడి మారలేదంటే నీరు కదలనట్టేనా?" అని అడిగింది.

"కాదమ్మా. వచ్చే నీరూ పోయే నీరూ సమానమైనా మట్టం మారదు. తేలాలంటే వచ్చే కాలువ మూసి, ఎంత వేగంగా దిగుతుందో చూడాలి" అన్నాను.

"ఒక శాస్త్రవేత్త చేసిందీ అదే" అంటూ అలన్ పెరెల్సన్ గారి సంగతి చెప్పింది.

ఆయన అమెరికాలో జీవశాస్త్రం, ఎలక్ట్రికల్ ఇంజనీరింగు రెండూ చదివారు. తొలి అణుబాంబును రూపొందించిన లాస్ అలమోస్ ప్రయోగశాలలో 1974లో చేరి, శరీర రక్షణ వ్యవస్థను లెక్కలతో తెలుసుకోవడమే వృత్తిగా చేసుకున్నారు.

హెచ్.ఐ.వి. సోకినవారి రక్తంలో వైరస్ మట్టం ఏళ్ళ తరబడి దాదాపు నిలకడగా ఉంటుంది. అందువల్ల ఆ కాలమంతా వైరస్ మందకొడిగా ఉంటుందని చాలామంది అనుకునేవారు. రిటోనవిర్ అనే మందు కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపింది, కాలువ మూసినట్టే. డాక్టర్ డేవిడ్ హో బృందం రోగుల రక్తంలో మట్టం ఎంత వేగంగా దిగిందో కొలిస్తే, పెరెల్సన్ దాన్ని సమీకరణాల్లో పెట్టారు. 1996లో ప్రచురించిన లెక్క ప్రకారం రోజుకు సుమారు 1,000 కోట్ల వైరస్ కణాలు పుడుతున్నాయి, దాదాపు అన్నీ నశిస్తున్నాయి. అంత పుట్టుకలో ఒక్క మందుకు లొంగని రకం త్వరలోనే తయారవుతుంది. ఒకేసారి మూడు మందులు ఇవ్వాలన్న పద్ధతికి ఈ లెక్క బలమిచ్చింది.

మిత్రులారా! గేజి కదల్లేదని "మార్పు లేదు" అంటూ నేను ఎన్ని పేజీలు నింపానో! మనవరాలి మౌనాన్నీ అలాగే చదివాను. వచ్చే నెల తను ప్రయాణమవుతోంది. పెట్టె సర్దడంలో సాయం నాదే. మన పిల్లలు మనకు తెలియని చదువు పేరు చెబితే, వద్దనే ముందు అదేమిటో ఒక్క మాట అడుగుదాం.