గర్భసంచి పరీక్షకు మన ఆడవాళ్ళు ఎందుకు వెళ్ళడం లేదు?

(కవరైపేట్టైలో చేసిన ప్రసంగ పాఠం)

 అన్నలూ, ఇది ఆడవాళ్ళ సంగతి అని లేచి వెళ్ళకండి. మీతో కూడా పని ఉంది.

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ చాలా నెమ్మదిగా వస్తుంది. హెచ్‌పీవీ అనే వైరస్ సోకి, పోకుండా ఉండిపోతే, క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏళ్ళు పడుతుంది. పరీక్ష కూడా చిన్నదే. నర్సమ్మ వినెగర్ లాంటి పలుచటి మందు రాసి, ఒక నిమిషం ఆగి చూస్తుంది. తెల్లమచ్చ కనబడితే పై పరీక్షకు పంపిస్తుంది. కోత లేదు, కుట్టు లేదు. మన రాష్ట్రంలోనే దిండుక్కల్ జిల్లా పల్లెల్లో నర్సులు ఇలా ఒక్కసారి చూసి, అవసరమైనవారికి వైద్యం చేయిస్తే, పరీక్ష జరగని పల్లెలకంటే ఈ క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. (పోలిక కోసం పరీక్ష లేకుండా వదిలేసిన పల్లెల న్యాయం మరో రోజు మాట్లాడుకోవాలి.)

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు తమిళనాడులో నూటికి పదిమంది లేరు. ఆంధ్రలో అయిదుగురు లేరు.

దీనికి అజ్ఞానం అని పేరు పెట్టడం నాకు నచ్చదు. సరిహద్దు అవతల మన చుట్టాల ఇళ్ళలో అడగండి. అదే సర్వే ప్రకారం ఆంధ్రలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తమ్మీద అది మూడు చిల్లర. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, ‘తీయించుకోకపోతే క్యాన్సర్ వస్తుంది’ అని భయపెట్టి ఆపరేషన్ చేసిన కథలు తెలుగు ఊళ్ళలో ఎన్నో. అవి విన్న మనిషి ‘పరీక్షకు వెళ్తే సంచి తీసేస్తారు, అప్పు మిగులుతుంది’ అనుకుంటే తప్పు ఆమెదా? ఆమెకు ఈ మాట విడమరిచి చెప్పాలి: మచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ కాదు. ముందుగా పట్టుకుంటే ఎక్కువమందికి ఆ కాస్త చోటును చలువతోనో వేడితోనో మాడ్చితే చాలు. సంచి ఉన్నచోటే ఉంటుంది.

ఇక కూలి. ఉపాధి హామీ పనికో, గుమ్మిడిపూండి సిప్‌కాట్ కంపెనీకో వెళ్ళే మనిషికి పగటిపూట పరీక్ష అంటే ఆ రోజు డబ్బు పోయినట్టే. తర్వాత భాష. బజారులో బేరానికి సరిపోయే తమిళం, ఒంటి సంగతి చెప్పుకోవడానికి చాలదు.

అన్నిటికంటే బరువైనది సిగ్గు. సంసారం వల్ల సోకే వైరస్ అనగానే ‘ఎవరి తప్పు?’ అని మొదలవుతుంది. సంసారం చేసేవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. నింద ఎవరి మీద వేస్తాం? సాక్ష్యాల్లో అన్ని జబ్బుల పేర్లూ పలుకుతాం, దీన్ని మాత్రం మింగేస్తాం.

అన్నలూ, ‘ఏమీ లేదుగా, ఇప్పుడెందుకు?’ అనకండి. ఏమీ లేనప్పుడు చేయించుకునే పరీక్షే ఇది. ఆ పూట పిల్లల్ని మీరు చూసుకోండి. ముట్టు ఆగిపోయాక గానీ, కలిసిన తర్వాత గానీ రక్తం కనబడిందని ఆమె చెబితే, శిబిరం కోసం ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి.

30 దాటిన అక్కలూ, ముట్టులో లేని రోజు చూసుకుని నలుగురైదుగురు కలిసి వెళ్ళండి. తమిళం బాగా వచ్చిన ఆడమనిషిని తోడు పిలుచుకోండి. తెర వేయమని, ఆడవాళ్ళే చూడాలని అడగండి.