సెల్ఫ్ కొత్తదే, బండి లేవదేం?



గోదావరిఖనిలో ఒక కుటుంబం ఉందనుకోండి. వాళ్ళకు ఒక ట్రాలీ ఆటో ఉంది. తెల్లారక ముందే మంథని వైపు పోయి కూరగాయలు తేవాలి. మార్కెట్టులో దింపాలి. అదే వాళ్ళ బతుకుదెరువు. నిన్న సెల్ఫ్ మోటారు పాడైంది. అప్పు తెచ్చి కొత్తది వేయించారు. ఈ పొద్దు తాళంచెవి తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు. అంతే. బండి లేవలేదు.

"కొత్తది కూడా ఖరాబే. ఇంకోటి తేవాలె" అన్నాడు భర్త.

"ఆగయ్యా! ముందుగాల వైర్లు చూద్దాం" అన్నది భార్య.

ఆమె మాటే సరైంది. సెల్ఫ్ మార్చేటప్పుడు వైర్లు విప్పుతారు, మళ్ళీ బిగిస్తారు. తప్పు అక్కడే జరిగి ఉండవచ్చు.

సెల్ఫ్ పని ఇంజనును మొదట తిప్పడం. వెనకట ఇనుప హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పేవారు. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కార్లకు కరెంటు సెల్ఫ్ పెట్టారు. అప్పటినుంచి హ్యాండిలు తిప్పే బాధ తగ్గుతూ వచ్చింది.

సెల్ఫ్‌కు బ్యాటరీ నుంచి లావు వైరు వస్తుంది. తాళంచెవి నుంచి సన్న వైరు వస్తుంది. చాలా సెల్ఫ్‌ల మీద అంకెలు ఉంటాయి. చదవండి. 30 అని ఉంటే లావు వైరుకు. 50 అని ఉంటే సన్న వైరుకు.

మూడోది ఎర్తు వైరు. దీన్నే మరచిపోతారు. కరెంటు వచ్చే తోవ ఉంటే చాలదు, తిరిగి పోయే తోవ కూడా ఉండాలి. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు. అందుకే ఇంజనుకూ బండి చట్రానికీ ఎర్తు వైరు కలుపుతారు. సింగరేణి గనుల ఊరు మనది. బొగ్గు దుమ్ము, నూనె జిడ్డు కలిసి ఆ వైరు కింద పొరలా పేరుకుంటాయి. పెయింటు మీద బిగించినా అంతే. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాలి.

ఇక చప్పుడు వినండి. అసలు చప్పుడే లేదా? సన్న వైరు ఊడిందేమో, ఫ్యూజు పోయిందేమో చూడండి. 'టక్' మని ఒక్కసారి కొట్టి ఆగిందా? లావు వైరునూ ఎర్తునూ కదిపి చూడండి. 'టకటకటక' మంటూ లైట్లు మసకబారాయా? బ్యాటరీలో చార్జింగు తగ్గింది, లేదా దాని క్లాంపులకు చిలుము పట్టింది. మోటారు ఒక్కటే గిర్రున తిరిగి, ఇంజను తిరగకపోతే అది మెకానిక్ పని. తాళం వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే వెంటనే బ్యాటరీ వైరు తీసేయాలి.

చెయ్యి పెట్టేముందు గేరు న్యూట్రల్‌లో ఉంచండి. బ్యాటరీ మైనస్ వైరు మొదట తీయాలి, చివరన పెట్టాలి. బ్యాటరీ 12 వోల్టులే, షాక్ కొట్టదు. అందుకే దానంటే అలుసు. కానీ పానా గానీ, ఇనుప గాజు గానీ ప్లస్‌కూ బండి ఇనుముకూ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలుతుంది. గాజులు, గొలుసు తీసి పక్కన పెట్టండి. దగ్గర బీడీ కాల్చనీయకండి. బ్యాటరీ నుంచి అంటుకునే గ్యాసు వస్తుంది.

ఇంకొక పని. సెల్ఫ్ విప్పకముందే ఒక్కో వైరుకు తెల్ల టేపు చుట్టి రాయండి: 'బ్యాటరీ', 'తాళం', 'ఎర్తు'. మెకానిక్ నవ్వితే నవ్వనీయండి.

ఆ ఇంట్లో ఏమైంది? ఎర్తు నట్టు వేలితో తిప్పితేనే తిరిగింది. కింద నల్లటి జిడ్డు. భార్య రుద్దింది, భర్త బిగించాడు. కూరగాయలు ఒక గంట ఆలస్యంగా మార్కెట్టు చేరాయి.